షెడ్డులో ఉన్న హెరాల్డు: తుప్పు చరిత్ర, తుప్పు ఖర్చు

మన ఇంటి పాత వస్తువుల గురించి రాసుకుంటున్న ఈ వరుసలో ఇదివరకు అవ్వ ఇత్తడి సామాను గురించి, తాత రేవులో పనిచేసిన రోజుల కాగితాల గురించి చదివారు. ఈసారి తిరువొత్తియూరు ఇంటి వెనక షెడ్డులో ఉన్న స్టాండర్డ్ హెరాల్డు కారు వంతు. బెంగళూరులో ఉన్న మనవాళ్ళు, హోసూరు వాళ్ళు, కోయంబత్తూరు వాళ్ళు అందరూ ఒకే మాట అడిగారు: "ఆ తుప్పు డబ్బాకి అంత డబ్బు పోయాలా?" అడగాల్సిన మాటే. నాలుగు ఇళ్ళవాళ్ళు తలా ఇంత వేసుకున్న డబ్బు కదా! అందుకే లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాను. అయితే ఆ లెక్క అర్థం కావాలంటే ముందు ఆ కారు ఎక్కడిది, ఎందుకు అలా కట్టారు అన్నది తెలియాలి. అంకెల సంగతి ఆ తర్వాత.

మద్రాసులో పుట్టిన కారు

మన ఊళ్ళో బండి బాడీలు కట్టే పని కార్ల కంటే పాతది. సింప్సన్ కంపెనీ 1840లో మద్రాసులో మొదలైంది, గుర్రబ్బండ్లు కట్టడానికి. అప్పటి బాడీ అంటే కొయ్య పని, తోలు పని, కమ్మరి పని. మోటారు వచ్చిన తొలి రోజుల్లోనూ అంతే. కొయ్య చట్రం మీద రేకు కొట్టేవాళ్ళు. వడ్రంగి లేకపోతే కారు లేదు. అమెరికాలో 1910లలో పూర్తి ఉక్కు బాడీలు వచ్చాయి. 1934లో ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్ళ ట్రాక్షన్ అవాంట్ వచ్చాక, కింద వేరే చాసీ అక్కర్లేకుండా బాడీయే బరువంతా మోసే పద్ధతి పెద్ద ఎత్తున తయారయ్యే కార్లలోకి వచ్చింది. కారు తేలికైంది, చవకైంది. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. చెదలు పట్టే కాలం పోయి తుప్పు పట్టే కాలం వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో కార్లు చాలావరకు విడిభాగాలుగా ఓడల్లో వచ్చి ఇక్కడ బిగించబడేవి. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడే భాగాలు తయారుచేసే పథకం ఉన్నవాళ్ళే ఉండాలన్నారు. ఫోర్డు, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. కార్లలో మిగిలినవి మూడు: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మన మద్రాసులో స్టాండర్డ్. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1948లో పుట్టింది. ఫ్యాక్టరీ వండలూరు పక్కన పెరుంగళత్తూరులో. వ్యాన్‌గార్డ్, స్టాండర్డ్ ఎయిట్, స్టాండర్డ్ టెన్ తర్వాత 1961లో హెరాల్డు తయారీ మొదలుపెట్టారు. 1968లో నాలుగు తలుపుల మార్క్ త్రీ వచ్చింది. ఇంగ్లండులో హెరాల్డులకు రెండే తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డు మన దేశంలో తప్ప ఎక్కడా తయారవలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఖర్చు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఉత్తర మద్రాసులో ఉన్న మనకి ఇంకో సంగతి తెలుసు. ఎన్నూరులో 1948 నుంచి అశోక్ మోటార్స్, అదే తర్వాత అశోక్ లేలాండ్ అయింది. తిరువొత్తియూరులో 1955 నుంచి ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీ. తాత తరంలో మన వీధిలో ఇంటికొకరు ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దాటినవాళ్ళే. రేకు కొట్టడం, వెల్డింగు పట్టడం తెలిసిన చేతులు ఊరంతా ఉండేవి. మన కారు బాగుచేసిన మేస్త్రి కూడా అలాంటి ఇంటివాడే. చెంగల్పట్టు జిల్లా తెలుగువాడు. నాయన దగ్గర సుత్తి పట్టడం నేర్చుకున్నాడు.

మన హెరాల్డు 1969 నాటిది. తాత దాన్ని 1974లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆ రోజుల్లో కొత్త ఫియట్‌కి పేరు రాయించుకుంటే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. కారు ధరలు కూడా ప్రభుత్వమే నిర్ణయించేది, ఆ ధరల వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. కొత్త బండి దొరకనప్పుడు పాత బండికి గిరాకీ. అలా వచ్చింది మన ఇంటికి.

ముక్కలుగా ఎందుకు కట్టారు?

హెరాల్డుని చూసినవాళ్ళు మొదట చెప్పేది దాని బానెట్ గురించి. ముందు రెక్కలతో, దీపాలతో సహా మొత్తం ఒకేసారి ముందుకి లేస్తుంది. ఇంజను చుట్టూ నిలబడి, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మెకానిక్కులకి పండగ. ఇంకో వింత, అది మలుపు తిరిగే తీరు. పాతిక అడుగుల వెడల్పు ఉంటే చాలు, బండి మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. మన సన్నిధి వీధిలో రథోత్సవం నాడు కూడా తాత రివర్స్ వేయకుండా తిప్పేవారని నాయన చెప్పేవారు.

కానీ దాని అసలు ప్రత్యేకత కింద ఉంది. ప్రపంచమంతా చాసీని వదిలేస్తున్న కాలంలో హెరాల్డుకి వేరే చాసీ పెట్టారు. కారణం షోకు కాదు, దారి లేక. ఇంగ్లండులో స్టాండర్డ్ వాళ్ళకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారైన బీఎంసీ కొనేసింది. మొత్తం బాడీని ఒకే పెట్టెలా వత్తి ఇచ్చేవాళ్ళు ఇక దొరకలేదు. అప్పుడు ఇంజనీర్లు, కింద చాసీ వేసి, పైన బాడీని చిన్న చిన్న భాగాలుగా వేర్వేరు చోట్ల చేయించి బోల్టులతో బిగిద్దామన్నారు. రూపం ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి గీశాడు. 1959లో ఇంగ్లండులో విడుదలైంది. ముందు భాగం ఒక ముక్క, వెనక తొట్టి ఒక ముక్క, పైకప్పు ఒక ముక్క, ఇరువైపుల సిల్లులు వేరే ముక్కలు. అన్నీ బోల్టులే. విదేశాలకి పెట్టెల్లో పంపి అక్కడ బిగించుకోవడానికి కూడా ఈ పద్ధతి బాగా కుదిరింది. మద్రాసుకి అది రావడానికి అదీ ఒక కారణం.

అంటే, డెబ్బై ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక కంపెనీ ఇంకొకరి చేతికి పోయింది కాబట్టి, ఈనాడు తిరువొత్తియూరులో మన మేస్త్రి పానా పట్టుకుని కారుని ముక్కలు ముక్కలుగా విప్పగలిగాడు.

తుప్పు ఎక్కడ కూర్చుంటుంది

ఇనుముకి నీళ్ళు, గాలి చాలు తుప్పు పట్టడానికి. ఉప్పు చేరితే పని వేగం అవుతుంది. ఉప్పు గాలిలో తేమని పీల్చి పట్టుకుంటుంది. అందుకే మన ఇళ్ళలో గొళ్ళెం దగ్గర్నుంచి గోడలోపలి కమ్మీ దాకా అన్నీ పాడవుతాయి. తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికిన సందులో అది పుడితే ఉబ్బి, ఆ రెండు రేకుల్నీ విడదీస్తుంది. పైన రంగు బుడగలా లేస్తుంది. బుడగ కనపడిందంటే లోపల ఎప్పుడో చిల్లు పడిందని అర్థం.

1960ల నాటి కార్లలో, ఏ దేశానివైనా, బాడీ రేకుకి జింకు పూత మామూలు విషయం కాదు. పోర్షె లాంటివాళ్ళు బాడీ అంతా జింకు పూసిన రేకుతో చేయడం 1970ల నడుమ మొదలుపెట్టారు. కాబట్టి ఇది ఒక్క హెరాల్డు జబ్బు కాదు, ఆ తరం కార్లన్నిటికీ ఉన్న జబ్బే.

హెరాల్డులో తుప్పు దాక్కునే చోట్లు ఇవి. ఒకటి, చాసీ నుంచి పక్కలకి చాచిన చేతుల్లాంటి అవుట్‌రిగ్గర్లు. బాడీ బరువు వాటి మీద కూర్చుంటుంది. లోపల డొల్ల, చక్రాలు చిమ్మే బురద అంతా అందులోకే. రెండు, బ్యాటరీ కింద పళ్ళెం. హెరాల్డులో బ్యాటరీ ఇంజను వెనక గోడ మీద కూర్చుంటుంది, యాసిడ్ ఒలికితే ఆ గోడ పోతుంది. మూడు, తలుపుల అడుగు భాగం. అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్ళు బయటికి పోవడానికి కింద కన్నాలుంటాయి. దుమ్ము, ఎండుటాకులు చేరి అవి మూసుకుపోతే తలుపు ఒక కుండ అవుతుంది. నాలుగు, దీపాల చుట్టూ, చక్రాల పైన వంపుల్లో. అయిదు, డిక్కీ అడుగు, స్టెప్నీ కింద.

మన బండిలో అయిదు చోట్లా పోయింది. దానికి తోడు, చాలా ఏళ్ళ కిందట ఒక షెడ్డులో పైపైన రంగు వేయించారు. అక్కడివాళ్ళు తుప్పు తీయకుండానే దాని మీద పుట్టీ మెత్తేశారు. కొత్తలో నున్నగా అద్దంలా ఉండింది. పుట్టీ కూడా తడి పీలుస్తుంది. పైన మెరుస్తూ కింద తినేసింది. మేస్త్రి అయస్కాంతం తెచ్చి తలుపు మీద ఆనిస్తే అంటుకోలేదు. అక్కడ రేకు ఉంటే కదా అంటుకోవడానికి!

లెక్క

మొదట మేస్త్రి చూసి చెప్పిన అంచనా 1,60,000 రూపాయలు. చెప్పేటప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు: "అన్నా, రంగు కింద ఏముందో నాకు తెలీదు. గీకినాక మళ్ళీ చెప్తా. ఇప్పుడు చెప్పేది కంటికి కనపడేదానికే." చివరికి అయింది 3,95,000. ఇంజను, టైర్లు, సీట్లు ఇందులో లేవు. ఇది ఒక్క బాడీ, చాసీ పని మాత్రమే. నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు:

బండి మొత్తం విప్పడం, రంగు గీకడం, చాసీని ఇసుకతో కొట్టించడం: 38,000
చాసీ, అవుట్‌రిగ్గర్లు: 62,000
నేల రేకులు, సిల్లులు, డిక్కీ అడుగు: 54,000
వెనక తలుపులు రెండూ: 48,000
బానెట్, దీపాల చుట్టు, చక్రాల వంపులు, బ్యాటరీ గోడ: 46,000
ప్రైమర్, పుట్టీ, రంగు: 1,10,000
బోల్టులు, రబ్బర్లు, బీడింగు: 37,000

మొత్తం 3,95,000. నాలుగు ఇళ్ళకి పంచితే ఇంటికి 98,750.

ఈ అంకెల్లో చూడాల్సిన సంగతి ఒకటుంది. అందరి కంటికీ కనపడేది రంగు. అది మొత్తంలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. సగం పైన, అంటే 2,10,000, పోయింది ఎవరికీ కనపడని రేకు పనికి. రంగు అయ్యాక దాన్ని చూపించడానికి కూడా వీలు లేదు. "ఏం చేశారురా ఇంత డబ్బుకి" అనే అత్తయ్యలకి చూపిద్దామంటే కారుని తలకిందులు చేయాలి.

రేకు పనికి అంత ఎందుకంటే, అది గంటల లెక్క. రేకు ఖరీదు చాలా తక్కువ, ఒక షీటు కొంటే సగం కారుకి వస్తుంది. కానీ చెడ్డ రేకుని మంచి రేకు దొరికేదాకా కోయాలి. కాగితం మీద కొలత తీయాలి. కొయ్య సుత్తితో, ఇసుక సంచి మీద, ఒంపు వచ్చేదాకా కొట్టాలి. పెట్టి చూడాలి, తీయాలి, మళ్ళీ కొట్టాలి. ఆ తర్వాతే వెల్డింగు. పాత రోజుల్లో గ్యాస్ వెల్డింగు. అది పల్చటి రేకుని వేడికి వంకర తిప్పేస్తుంది. ఇప్పుడు సీవోటూ వెల్డింగు. అందులోనూ ఒకేసారి గీత లాగకూడదు. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, చల్లారనిచ్చి మళ్ళీ నడుమ ఒక చుక్క. ఒక్కో ముక్కకి పూట పడుతుంది. ఇసుకతో కొట్టించడం కూడా చాసీ లాంటి మందపాటి ఇనుముకే. బాడీ రేకుని అలా కొడితే అప్పడంలా వంకరపోతుంది. అందుకే అక్కడ మందు పూసి చేత్తో గీకారు.

ఇక వెనక తలుపులు. ఇంగ్లండులో హెరాల్డు అభిమానులు ఎక్కువ, అవుట్‌రిగ్గర్లు, సిల్లులు లాంటివి ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. కొలతలు సరిచూసుకొని తెప్పించుకోవచ్చు, ఓడ ఖర్చు, సుంకం భరించగలిగితే. కానీ వెనక తలుపు ఎవరు అమ్ముతారు? అది మద్రాసులో తప్ప ఇంకెక్కడా తయారు కాలేదు కదా! పుదుప్పేటలో పాత సామాను కొట్లన్నీ రెండు వారాలు తిరిగాం. దొరికిన ఒకే ఒక్క తలుపు మనదానికంటే అధ్వానం. చివరికి కుడి వెనక తలుపు కాస్త నయంగా ఉంటే, దాని మీద గోధుమ రంగు కాగితం పరిచి అచ్చు తీసి, ఆ కాగితాన్ని తిరగేసి ఎడమ తలుపు అడుగు భాగం చేశాడు మేస్త్రి. ఆ రెండు తలుపులకే పద్దెనిమిది రోజులు.

ఇదే అంబాసిడర్ అయితే?

చిన్నాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన ఇంట్లో మొన్నమొన్నటిదాకా అంబాసిడర్ ఉండేది. అంబాసిడర్‌కి, ఫియట్ పద్మినికి వేరే చాసీ లేదు. బాడీయే చట్రం. వాటిలో తలుపుల కింద ఉండే సిల్లు అలంకారం కాదు, అది బండికి వెన్నెముక. అది తుప్పు పట్టి పోతే బండి నడుం జారుతుంది, తలుపులు సరిగ్గా పడవు. దాన్ని మార్చాలంటే ముందు లోపల అడ్డ కమ్మీలు వెల్డింగు పట్టి, ఆకారం కదలకుండా నిలబెట్టుకుని, అప్పుడు కోయాలి. లేకపోతే కోసిన క్షణంలో కొలతలన్నీ పోతాయి. హెరాల్డులో సిల్లు బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. బండి నిలబడేది చాసీ మీద.

ఇది హెరాల్డు లాభం. కానీ అంబాసిడర్ 1957, 58 ప్రాంతం నుంచి 2014 దాకా తయారైంది. పద్మిని తయారీ కూడా ఈ శతాబ్దం మొదటిదాకా సాగింది. వాటి రేకు భాగాలు వెతికితే దొరుకుతాయి, పాతవో కొత్తవో. హెరాల్డు, దాని తర్వాత వచ్చిన గెజెల్ 1970ల తర్వాత లేవు. 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000 మూడేళ్ళకే ఆగింది, తర్వాత ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. కాబట్టి హెరాల్డుకి విప్పడం సుళువు, తెచ్చుకోవడం కష్టం. అంబాసిడర్‌కి తెచ్చుకోవడం సుళువు, కోసి అతకడం కష్టం. ఏది చవక అంటే, బండిలో పోయినదేదో దాన్నిబట్టి.

అమ్మేద్దామా, ఉంచుదామా

1,60,000 అనుకున్నది మూడు లక్షలు దాటినప్పుడు ఇంట్లో పెద్ద గొడవే అయింది. దాచడం ఎందుకు? పెద్దనాయన ఇంటివాళ్ళు ఆపేద్దామన్నారు. అప్పటికే పాత ఇనుము కొట్టతను బరువు చూసి 22,000 ఇస్తానన్నాడు. కారు సుమారు ఎనిమిది వందల కిలోలు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. పిల్లల ఫీజులున్నాయి, అవ్వ మందుల ఖర్చుంది. బాగుచేసినా అమ్మితే పెట్టిన డబ్బు రాదని మేస్త్రి ముందే చెప్పాడు. ఇది పెట్టుబడి అని ఎవరైనా అంటే నమ్మకండి.

డబ్బు తగ్గించడానికి ఒక దారి వచ్చింది. బానెట్‌ని, తలుపుల అడుగుని ఫైబర్‌తో చేయిస్తే యాభై, అరవై వేలు మిగులుతాయి, మళ్ళీ తుప్పు భయం లేదు. అందరూ సరే అనబోయారు. అప్పుడు చట్టం చూశాం. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకి నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన సొంత బండి, చాసీలో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజ్ అనిపించుకుంటుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000, పదేళ్ళకి చెల్లుతుంది, తర్వాత 5,000. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి తిప్పవచ్చు గానీ రోజూ ఆఫీసుకి తీసుకుపోకూడదు. తాత నంబరు పలకని ఉంచుకోవాలంటే ఉక్కు స్థానంలో ఉక్కే పెట్టడం మేలు. ఆ నంబరు గురించి మాట వచ్చాక పెద్దనాయన ఇక ఏమీ అనలేదు. తన వాటా మూడు విడతల్లో ఇచ్చారు.

కోయంబత్తూరు వాళ్ళు ఇంకో మాట అన్నారు. అక్కడ మన తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థని కట్టారు. ఆయన పేరు మీద ఉన్న కార్ల మ్యూజియం 2015 నుంచి నడుస్తోంది. అలాంటిచోట ఇచ్చేస్తే వాళ్ళే చూసుకుంటారు కదా అని. మంచి ఆలోచనే. ముందు ముందు షెడ్డు ఉన్న ఇల్లు మనకి లేకుండా పోతే అదే దారి. కానీ తుప్పు బండిని ఎవరికి ఇచ్చినా మన ఖర్చు వాళ్ళ నెత్తిన పెట్టినట్టే.

కోసి తీసేసిన రేకంతా తూకం వేస్తే ముప్పై ఒక్క కిలోలు వచ్చింది. అంటే బండిలో నూటికి తొంభై ఆరు పాళ్ళు ఇంకా 1969 నాటి మద్రాసు సరుకే.

ఇకపై చేయాల్సినవి కొన్ని. తలుపుల కింది కన్నాలు ఏటా వానలకి ముందు, అంటే అక్టోబరు రాకముందే, పుల్లతో గుచ్చి శుభ్రం చేయాలి. డొల్ల భాగాల్లో మైనం కలిపిన నూనె రెండేళ్ళకోసారి కొట్టించాలి. ప్లాస్టిక్ కవరు కప్పకూడదు, లోపల చెమ్మ నిలుస్తుంది. పాత నూలు దుప్పటి చాలు. షెడ్డు తాళం చిన్నాయన దగ్గరుంది. ఏటా ఖర్చు ఎవరు చూసుకోవాలన్నది సంక్రాంతికి అందరం కలిసినప్పుడు తేల్చుకుందాం.

మీ ఇళ్ళలో ఈ కారు పాత బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు, ఫోటోలు ఉంటే పంపండి. ముఖ్యంగా 1974 నాటి అమ్మకం రసీదు. 1974కి ముందు బండి ఎవరిదో ఇంకా తేలలేదు. మీ ఇంట్లో పాత బండి ఉండి బాగుచేయించాలనుకుంటే, అంచనా వేయించే ముందు ఒక అయస్కాంతం కొనుక్కోండి. ఇరవై రూపాయలు. అది అంటుకోని చోటల్లా పది వేలు అనుకోండి.